తిన్నని గీత

5 ఏప్రిల్ 1998

ఈ డైరీ ఓడల యార్డులో కొత్త సంవత్సరానికి పంచింది. మూడు నెలలు బీరువాలో పడి ఉంది. ఇవాళ తీశాను. ఎవరితోనైనా చెప్పుకోవాలి కదా. మా ఆవిడ విమలతో చెబితే ప్రార్థన చేద్దాం అంటుంది.

డ్రాయింగ్ ఆఫీసులో బోర్డులు తీసేశారు. పద్నాలుగు. నాది కిటికీ పక్కది. ఇరవై ఆరేళ్ళు దాని మీద వంగి నా నడుము కూడా ఆ వాలుకే అలవాటు పడింది. ఇద్దరొచ్చి కాళ్ళు విప్పి, పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి లారీలోకి ఎక్కించారు. వాటి చోట నాలుగు కంప్యూటర్లు. ఆ గదిలోకి ఇప్పుడు చెప్పులు విప్పి వెళ్ళాలట. నన్ను స్టోర్సుకి మార్చి, పాత డ్రాయింగులకు నంబర్లు వేసే పనిచ్చారు. జీతం తగ్గలేదు కాబట్టి బాధపడటానికి ఏమీ లేదన్నాడు సెక్షన్ ఆఫీసరు. వాడికి పెన్సిలు చెక్కడం రాదు.

ఓడల భాగాలు గీసేటప్పుడు "దాసు గీత" అని నా గీతకో పేరుండేది. స్కేలు పెట్టి చూసినా వెంట్రుక వాసి తేడా దొరికేది కాదు. ఇప్పుడు ఆ మాట ఎవరంటారు? మీట నొక్కితే ప్రతి గుంటడి గీతా తిన్నగానే వస్తోంది.

12 ఏప్రిల్

ఈస్టరు. చర్చి మెట్ల దగ్గర ఫ్లోరా పట్టుకుంది. పాస్టరుగారి మేనకోడలు. కాలేజీలో డిజైను చెబుతుంది, బట్టలకు రంగులద్దడం ఆమె విద్య. బీచ్ రోడ్డు మలుపులో ఇనుముతో ఒక పడవ బొమ్మ నిలబెట్టాలని ఎవరో పెద్దమనుషుల కమిటీ ఆమెకు అప్పగించిందట.

"ఒక్కళ్ళు గీసేది కాదంకుల్. నాలుగు పనులవాళ్ళం ఒకే కాగితం మీద గీద్దాం. మీరు రావాలి."

"నాకు బొమ్మలు రావమ్మా. పైపులూ బోల్టులే వచ్చు."

"అందుకే రమ్మంటున్నాను."

ఇంటికొచ్చాక ఇంకు పెన్నులన్నీ కడిగి ఆరబెట్టాను. వెళ్తానని ఇంకా అనుకోలేదు.

26 ఏప్రిల్

మద్దిలపాలెం డిపో వెనక, ఫ్లోరా అద్దెకున్న మేడగది. నేల మీద ఆరడుగుల కాగితం పరిచింది. దానికి నాలుగు వైపులా నలుగురం కూర్చున్నాం. నేను ఇంకు పెన్నుతో. తవిటయ్య అనే వెల్డరు ఎర్ర పెన్సిలుతో. ఫ్లోరా నీలం రంగు గిన్నెతో. నాలుగో అతను గురువులు. జాలరిపేట మనిషి, వయసు నాకంటే రెండు మూడేళ్ళు తక్కువ. పడవలకు రంగులేసి ముక్కు మీద కళ్ళు పెడతాడు. పొయ్యిలోంచి తెచ్చుకున్న బొగ్గు ముక్కలు పొగాకు డబ్బాలో వేసుకొచ్చాడు.

ఫ్లోరా పెట్టిన నియమాలు రెండే. చప్పట్లు కొట్టగానే కాగితాన్ని పావు చుట్టు తిప్పాలి, ఎదురొచ్చిన గీతను అందుకుని ముందుకు తీసుకుపోవాలి. రెండోది, రబ్బరు ముట్టకూడదు. ఒకరి గీత నచ్చకపోతే దాని పక్కన నీ గీత గీసుకో, అంతేగాని చెరపకు.

నా జేబులో రబ్బరుంది. ఇరవై ఆరేళ్ళుగా ఉంటోంది. ఈ పూటంతా తొడకు గుచ్చుకుంటూనే ఉంది.

గురువులు నా గీత చూసి, "ఏటి బావ, ఇంత సన్నగా గీసినావు, నీకు భయవేటి?" అన్నాడు. తవిటయ్య పగలబడి నవ్వాడు. నాకు కోపం రాలేదు. ఎన్నాళ్ళకో ఒకడు నా గీతను సరిగా చూశాడు.

3 మే

చర్చి ఎగ్గొట్టి వెళ్ళాను. విమలకు యార్డులో పని అని చెప్పాను.

10 మే

ఇవాళ్టిది వివరంగా రాసుకోవాలి.

రెండు వారాలుగా గీసినవన్నీ ముక్కలే. తెడ్డు, తాడు, అల, చేప మొప్పలా ఉండే తవిటయ్య అతుకులు. పడవ మాత్రం రావడం లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక కాగితం తిరిగి తిరిగి గురువులు ముందుకొచ్చింది. అతను కాసేపు చూశాడు. లుంగీ ఎగ్గట్టి కాగితం మీదికి మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళి, బొగ్గు ముక్క అడ్డంగా పట్టుకుని, పడవ ముక్కు దగ్గర మొదలుపెట్టి తెరచాప కొస దాకా ఒక్క లాగు లాగాడు. మధ్యలో చెయ్యి ఎత్తలేదు. ఊపిరి కూడా తీయలేదనుకుంటాను, ఆపగానే దగ్గాడు.

అందరం నిలబడి చూశాం. పడవ వచ్చేసింది. ఫ్లోరా కళ్ళు తుడుచుకుంది.

నేను ఊరుకోవచ్చు కదా. "గురువులు బావా, ఎడమ పక్క పొట్ట వచ్చేసింది. రెండు పక్కలూ సమానంగా లేవు" అన్నాను.

"సమానంగా ఎందుకుంటాది బావ? ఆ పక్కన వల లాగతన్నారు. వల నిండా సేపలున్నాయి. పడవ అటే వొరుగుతాది. తిన్నగుంటే అది వట్టి పడవ."

తవిటయ్య చుట్టూ తిరిగి చూశాడు. "ఇనుము నానొంపుతాను. ఎంత వంకరన్నా వొంపుతాను, అదేటి నీకు?" అన్నాడు నాతో.

బొగ్గు నిలవదని, స్పిరిట్లో లక్క కరిగించి పైన చల్లాలని ఫ్లోరా చెప్పింది. ఆ పని నేను చేస్తానన్నాను. కాగితం చుట్టి రేకు గొట్టంలో పెట్టి నాకే ఇచ్చింది, తవిటయ్య పని మొదలుపెట్టడానికి కొలతలతో శుభ్రమైన డ్రాయింగు నేనే చేయాలి కదా.

బస్సులో గొట్టం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇన్నేళ్ళలో నేను గీసినవాటిలో ఎవరైనా కళ్ళు తుడుచుకున్నది ఒక్కటైనా ఉందా అని ఆలోచించాను. జ్ఞానాపురంలో దిగాల్సినవాణ్ణి దాటిపోయాను.

22 మే

రెండు రోజులు సెలవు పెట్టాను. భోజనాల బల్ల మీద ట్రేసింగు. లక్క తేలేదు. ముందు డ్రాయింగు అవనీ.

24 మే

డ్రాయింగు పూర్తయింది. బాగా వచ్చింది. నేను చేసినవాటిలోకెల్లా ఇదే బాగా వచ్చింది.

ఎడమ పక్క పొట్ట విషయంలో చాలా ఆలోచించాను. పడవ చూసేవాళ్ళకు వల కనబడదు. కనబడని వల కోసం పడవ ఒరిగితే చూసినవాళ్ళు గీసినవాడికి చేతకాలేదనుకుంటారు. అందుకని అసలు కాగితం మీదే బొగ్గు గీత పక్కన ఇంకుతో సన్నగా రెండు పక్కలూ సమానంగా వచ్చే గీత వేసుకుని, దాని మీద ట్రేసింగు కాగితం పరిచాను. రబ్బరు వాడలేదు. నియమం తప్పలేదు.

డ్రాయింగు కింద మూల గీసే డబ్బాలో, "గీసినది" అన్నచోట, అలవాటు కొద్దీ పేరు రాశాను. యార్డులో డ్రాయింగు మీద పేరు లేకపోతే ప్రింటు తీయరు. ఫ్లోరా సెలవులకు ఊరెళ్ళింది కాబట్టి ప్రింటు నేరుగా కమిటీకే ఇస్తాను.

15 ఆగస్టు

ఆవిష్కరణ. ఎండ. మంత్రిగారు రాలేదు, ఆయన తరఫున ఇంకొకరు వచ్చారు. పడవ మీద గుడ్డ తీశారు. ఇనుప పడవ తళతళలాడింది. రెండు పక్కలూ అచ్చంగా ఒకేలా ఉన్నాయి. డ్రాయింగులో ఉన్నట్టే వంచాలని కమిటీవాళ్ళు తవిటయ్యకు గట్టిగా చెప్పారట.

జాలరిపేట నుంచి చాలామంది వచ్చారు. చేపల గంపతో ఒకావిడ, కాశమ్మట, ముందుకొచ్చి తల అటూ ఇటూ వంచి చూసి గట్టిగా, "ఇదేటమ్మా, సేపల్లేకండా వొచ్చీసినాది!" అంది. అందరూ నవ్వారు. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని మరీ నవ్వారు. గురువులు నవ్వలేదు. ఇనుము మీద చెయ్యి వేసి, ఆ చివర నుంచి ఈ చివర దాకా నిమురుకుంటూ నడిచాడు.

"బాగుంది బావ. నున్నగుంది" అన్నాడు. అని వెళ్ళిపోయాడు. టిఫిను పొట్లం కూడా తీసుకోలేదు.

తవిటయ్య నన్ను చూసి ఉమ్మేశాడు. పక్కకే ఉమ్మేశాడు, కాని నన్ను చూసి.

శంకుస్థాపన రాయి పక్కన ఇంకో రాయి. రూపకల్పన: పి. జ్ఞానదాసు.

ఫ్లోరా మొహం ఎర్రబడింది. "ఈ పేరెవరిచ్చారంకుల్?"

"డ్రాయింగు కింద ఉన్నది చూసి వాళ్ళే చెక్కించి ఉంటారు."

"నలుగురి పేర్లుండాలి కదా? ఆ పడవ గురువులుగారిది. అసలు కాగితం తెచ్చివ్వండి, కమిటీకి చూపించి మార్పిస్తాను."

ప్రింటు తీయించడానికి ఇచ్చినప్పుడు షాపులో పోయిందని చెప్పాను.  ఆమె "సరే" అంది. అంకుల్ అనలేదు.

16 ఆగస్టు

గొట్టం అటక మీద పెట్టాను. అక్కడైతే ఎండ తగలదు, చెమ్మ రాదు.

20 ఆగస్టు

సెక్షన్ ఆఫీసరు పేపరు కటింగు తెచ్చి, "మన దాసుగారే!" అని అందరికీ చూపించాడు. కంప్యూటరు గదిలోంచి కుర్రాళ్ళు చెప్పులు వేసుకుని బయటికొచ్చి నాకు చెయ్యిచ్చారు.

సంతోషంగా ఉంది. ఎందుకు ఉండకూడదు?

9 అక్టోబరు 2004

ఈ డైరీలో సగం పేజీలు ఖాళీగా ఉన్నాయి. కొత్తది కొనడం దండగ. ఇప్పుడు యార్డూ లేదు, పంచే డైరీలూ లేవు. మూడేళ్ళయింది నన్ను స్వచ్ఛందంగా రిటైరై వెళ్ళిపొమ్మని. స్వచ్ఛందంగా అన్న మాట వాళ్ళదే.

ఇవాళ గురువులు కూతురు దుర్గ వచ్చింది. ఫ్లెక్సు షాపులో కంప్యూటరు మీద బొమ్మలు చేస్తోంది. చెప్పులు గుమ్మం బయట విడిచింది. అది చూసి అకారణంగా చిరాకేసింది.

"మావయ్యా, బీచ్ రోడ్డు వెడల్పు సేత్తన్నారు కదా. పడవని పక్కకి జరిపి కొత్త రాయేత్తారంట. నాన్న పేరు కూడా ఎయ్యమని కమిటీ ఆఫీసుకెల్లి అడిగినాను. రుజువేటని అడిగినారు. అసలు కాగితం సూపించమన్నారు."

"అది పోయిందమ్మా."

"ఫ్లోరా మేడం కూడా అదే సెప్పినారు ఫోన్లో. విజయవాడలో ఉన్నారిప్పుడు. అయినా ఓసారి యెతకండి మావయ్యా. నాన్నకి సుగరొచ్చి ఓ కన్ను పోయింది. రెండోది మసక. అది కూడా పోకముందే పేరు సూత్తే బాగుంటాదని. ఆయన అనడు. నానే అంటన్నాను."

ఈ నెలాఖరు దాకా టైముందట. చూస్తానన్నాను.

12 అక్టోబరు

చూడలేదు. స్టూలు ఎక్కడం నా నడుముకి మంచిది కాదు.

17 అక్టోబరు

దుర్గ మళ్ళీ వచ్చింది. చర్చికి వెళ్ళానని విమల చేత చెప్పించాను. విమల చెప్పింది కాని ఆ పూట నాకు అన్నం వడ్డించి ఎదురుగా కూర్చోలేదు.

19 అక్టోబరు

చూడలేదు.

22 అక్టోబరు

దుర్గ మూడోసారి. ఈసారి తప్పించుకోలేకపోయాను. దొరకలేదని చెప్పాను. "పోన్లెండి మావయ్యా, ఏటి సేత్తాం" అని కాఫీ తాగి గ్లాసు తనే కడిగిపెట్టి వెళ్ళింది.

అది వెళ్ళాక విమల అంది, "కాగితం దొరక్కపోతే ఏటి? మీకు నోరు లేదా? పడవ గురువులే గీశాడని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టి ఇస్తే చాలదా?"

"చాలదు. వాళ్ళకు రుజువు కావాలి."

"రుజువు." విమల అటక వైపు చూసింది. "ఆ రేకు గొట్టాన్ని ఆరు క్రిస్మసులుగా నేనే దింపి తుడిచి మళ్ళీ పెడుతున్నాను. లోపలేముందని ఎప్పుడైనా అడిగానా?"

అడగలేదు. ముప్పై ఏళ్ళుగా ఏదీ అడగలేదు ఆ మనిషి. ఆ అడగకపోవడం మీద బతికాను.

26 అక్టోబరు

గొట్టం దించాను.

మూత తుప్పు పట్టి రాలేదు. స్క్రూడ్రైవరు పెట్టి లేపాను. కాగితం పసుపు పచ్చబడింది, చిరగలేదు, పురుగు పట్టలేదు. నేల మీద పరిచి నాలుగు మూలలా నాలుగు పాటల పుస్తకాలు పెట్టాను.

ఫ్లోరా నీలం ఉంది. తవిటయ్య ఎర్ర పెన్సిలు ఉంది. నా ఇంకు నిన్న గీసినట్టుంది. గురువులు గీత లేదు.

మొదట కిటికీ మూసి ఉండటం వల్లనుకున్నాను. కిటికీ తెరిచాను, కళ్ళజోడు తుడుచుకున్నాను. పడవ ఉండాల్సిన చోట బూడిద రంగు మసి. విప్పినప్పుడల్లా, చుట్టినప్పుడల్లా, విమల తుడవడానికి దించినప్పుడల్లా కాగితం కాగితాన్ని రాసుకుని బొగ్గంతా వెనక వైపుకి అంటుకుపోయింది. అక్కడా గీత కాదు, మరకే. ఆ మరక మధ్యలో, పడవ ముక్కు నుంచి తెరచాప కొస దాకా, రెండు పక్కలూ సమానంగా, నా ఇంకు గీత ఒక్కటే నిలబడి ఉంది.

లక్క చల్లుతానన్నది నేను. స్పిరిటు సీసా కొనడానికి ఎంతసేపు పడుతుంది? ఆరేళ్ళలో కొనలేదు. మరిచిపోయానని రాసుకుందామని పెన్ను తీశాను. మరిచిపోలేదు.

ఇంకొకటి కూడా రాస్తాను, మొదలుపెట్టాను కాబట్టి. ముందు పేజీలు తిప్పి చూసుకున్నాను. అలవాటు కొద్దీ పేరు రాశానని ఉంది. యార్డులో ఇరవై ఆరేళ్ళు ఆ డబ్బాలో నేను రాసింది రెండక్షరాలు, పి.జె. అంతకుమించి ఏనాడూ రాయలేదు. ఆ రోజు పూర్తి పేరు రాశాను. పెన్ను మార్చి, లావు పాళీతో.

నాకు సిగ్గుగా ఉంది. ఈ మాట ఎవరూ చదవరు కాబట్టి రాయగలుగుతున్నాను.

28 అక్టోబరు

జాలరిపేట వెళ్ళాను, గొట్టంతో సహా. గురువులు ఇంటి ముందు, తిరగేసిన తెప్ప మీద కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. రేవులో పడవలన్నీ ఫైబరువే. కళ్ళ బదులు స్టిక్కర్లు.

పలకరించగానే గొంతు గుర్తుపట్టాడు. "దాసు బావ! కూకో. దుర్గా, టీ ఎట్టు."

ఆరేళ్ళకు వచ్చినవాణ్ణి ఎందుకొచ్చావని అడగలేదు. పిల్లల గురించి, నా నడుము గురించి అడిగాడు. కాగితం దొరికిందని చెప్పాను. వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది. దుర్గ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

తెప్ప మీద పరిచాం. దుర్గ ఒక పక్క పట్టుకుంది, నేనొక పక్క. గురువులు మిగిలిన కంటిని కాగితానికి ఆనించేంతగా వంగి, మెల్లగా జరుపుకుంటూ చూశాడు. "ఇది ఫ్లోరమ్మది. ఇది తవిటిగాడిది. సచ్చినోడు, ఎంత గట్టిగా నొక్కుతాడో." నవ్వాడు. ఇంకా జరిగాడు. చాలాసేపు చూశాడు.

"నా గీతేదీ బావ?"

అప్పుడు నేను చేసింది ఇది. అతని చెయ్యి పట్టుకుని, చూపుడు వేలు తీసి, నా ఇంకు గీత మీద పెట్టాను. "ఇదే" అన్నాను. దుర్గ ఎదురుగానే ఉంది. అతనికి సంతోషం కలగాలనే అన్నాను, ఒట్టు. లేదు. అది కూడా కాదు. మసకే కదా, తెలియదనుకున్నాను.

గురువులు కన్ను ఇంకా దగ్గరికి ఆనించి, వేలితో ఆ గీత వెంట ముక్కు నుంచి కొస దాకా పోయాడు. అక్కడ ఆపాడు.

"ఇది నాది కాదు బావ. ఇది తిన్నగుంది."

కోపంగా అనలేదు. ఎవరి చెప్పులో పొరపాటున తొడుక్కున్నవాడు విడిచినట్టు అన్నాడు. తర్వాత కాగితం మీంచి చెయ్యి తీసి లుంగీకి తుడుచుకున్నాడు. టీ చల్లారిపోతోందన్నాడు. తాగాను. దుర్గ కాగితం చుట్టి గొట్టంలో పెట్టి నా చేతికిచ్చింది. ఈసారి మావయ్యా అనలేదు.

29 అక్టోబరు

కమిటీకి ఉత్తరం. పడవ గీసింది జాలరిపేట గురువులు అని, నేను దాన్ని మార్చాననీ, కాగితం పోయిందని అబద్ధం చెప్పాననీ. నాలుగుసార్లు రాశాను. మూడు చింపేశాను, అక్షరాలు కుదరక.

30 అక్టోబరు

అయిదోసారి. ఇది బాగుంది. సోమవారం స్వయంగా ఇస్తాను.

1 నవంబరు

ఇచ్చాను. గుమాస్తా నిలబడే చదివాడు, రెండుసార్లు. "రాయి శనివారమే చెక్కేశారండీ. నెలాఖరన్నాం కదా, ముందే తెస్తే పోయేది" అన్నాడు. ఉత్తరం ఫైలులో పెట్టనా, వెనక్కి ఇవ్వనా అని అడిగాడు.

నాకు కలిగింది బాధ అని రాయాలని ఉంది. కాదు. గుండె మీంచి బరువు దిగినట్టయింది. హమ్మయ్య అనుకున్నాను. ఆ తర్వాత మెట్లు దిగుతుంటే వచ్చింది బాధ, అదీ ఆ హమ్మయ్య గురించి.

ఉత్తరం వెనక్కి తీసుకున్నాను.

14 నవంబరు

విమల చర్చి నుంచి తిన్నగా బీచ్ రోడ్డుకు తీసుకెళ్ళమంది. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి. వెళ్ళాం. పడవను ముప్పై అడుగులు జరిపి కొత్త రంగు వేశారు. దాని ముందు నల్లరాయి. విమల దగ్గరికెళ్ళి, ఎదురుగా నిలబడి, నా పేరు పైకి చదివింది. ఒక్కసారే చదివింది. నా వైపు తిరగలేదు.

అక్షరాలు చక్కగా చెక్కారు. ఒక్కటి కూడా వంకర లేదు.